బడి ఈడుకు ముందు మూడేళ్లు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం మూడేళ్లు నిండి ఆరేళ్లు దాటని పిల్లల గురించే ఉన్నాయి. వాటిలో ఐదింటికి ఇక్కడ సమాధానం రాస్తున్నాను. రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బాబుకు ఈ నెలతో నాలుగేళ్లు నిండాయి. రెండేళ్ల వరకు బొద్దుగా ఉండేవాడు. ఇప్పుడు పొట్ట లోపలికి పోయి పక్కటెముకలు కనిపిస్తున్నాయి. బరువు 14.5 కిలోలు, ఎత్తు 101 సెంటీమీటర్లు. నిరుడు ఇదే నెలలో 12.6 కిలోలు, 94.5 సెంటీమీటర్లు ఉన్నాడు. నాలుగు ముద్దలు తినగానే లేచిపోతాడు. మా ఆడపడుచు కొడుకు వీడికంటే రెండు నెలలు చిన్నవాడే అయినా 17 కిలోలు ఉన్నాడు. అత్తయ్యగారు రోజూ ఆ మాటే అంటున్నారు. ఆకలి పుట్టడానికి ఏదైనా టానిక్ రాయండి.
— ఒక తల్లి, ఖమ్మం

జవాబు: నిరుటి కొలతలు కూడా రాసి పంపినందుకు మీకు కృతజ్ఞతలు. ఈనాటి బరువు ఒక్కటే తెలిసి ఉంటే నేను గట్టిగా ఏమీ చెప్పలేకపోయేదాన్ని. ఎదుగుదల పట్టికలో ఒక్క చుక్క పెట్టి చూస్తే తెలిసేది తక్కువ. ఏడాది ఎడంతో రెండు చుక్కలు పెట్టి కలిపితే బిడ్డ ఏ దారిన వెళుతున్నాడో కనిపిస్తుంది. మీ బాబు ఈ ఏడాదిలో 1.9 కిలోల బరువు, 6.5 సెంటీమీటర్ల ఎత్తు పెరిగాడు. ఈ వయసులో ఏ బిడ్డయినా ఏడాదికి పెరిగేది సుమారు 2 కిలోలు, 6 నుంచి 7 సెంటీమీటర్లే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో విడుదల చేసిన ప్రమాణాల ప్రకారం నాలుగేళ్ల మగపిల్లలను బరువు వరుసలో నిలబెడితే సరిగ్గా నడుమ ఉండే పిల్లవాడు 16.3 కిలోలు ఉంటాడు. 12.7 కిలోల కంటే తగ్గితే తక్కువ బరువు అంటారు. మీ బాబు నడిమి గీతకు కొంచెం కింద, నిరుడు ఉన్న గీత మీదనే ఉన్నాడు. మీ ఆడపడుచు గారి అబ్బాయి తన గీత మీద తాను ఉన్నాడు. ఇద్దరిలో ఎవరికీ లోపం లేదు.

మీకు బెంగ కలగడానికి కారణం నాకు అర్థమవుతుంది. పుట్టినప్పుడు 3 కిలోలున్న బిడ్డ ఏడాది తిరిగేసరికి 9 కిలోలవుతాడు, 50 సెంటీమీటర్ల పొడవు 75 అవుతుంది. ఆ వేగానికి అలవాటు పడిన కంటికి, తరువాత సహజంగా వచ్చే నెమ్మది జబ్బులాగా తోస్తుంది. వేగం తగ్గినప్పుడు ఆకలి కూడా తగ్గుతుంది, ఎందుకంటే శరీరం అడిగేది తనకు కావలసినంతే. పైగా రెండేళ్ల తరువాత ఒంట్లోని కొవ్వు పలచబడుతూ వచ్చి ఐదారేళ్ల వయసులో అన్నిటికంటే తక్కువ స్థాయికి చేరుతుంది. కాళ్లు మొండెం కంటే వేగంగా సాగుతాయి, పొట్ట కండరాలు గట్టిపడి చంటిప్పటి బొజ్జ పోతుంది. మీరు చిక్కిపోయాడని అనుకుంటున్నది చాలావరకు ఈ సహజమైన మార్పే.

"మన పిల్లలు పుట్టుకతోనే పొట్టి, వాళ్లకు విదేశీ కొలతలెందుకు" అని కొందరు పెద్దలు అంటారు. ఆ మాట నిజం కాదు. ఆ ప్రమాణాల కోసం బ్రెజిల్, ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో, తల్లిపాలు తాగి, ఇంట్లో పొగతాగేవారు లేకుండా, మంచి వసతుల్లో పెరిగిన పిల్లలను కొలిచారు. మన దేశం నుంచి దక్షిణ ఢిల్లీ పిల్లలు అందులో ఉన్నారు. వసతులు సమానంగా ఉంటే ఐదేళ్ల లోపు పిల్లల ఎత్తు అన్ని దేశాల్లోనూ దాదాపు ఒక్కలాగే ఉందని తేలింది.

టానిక్ రాయను, క్షమించండి. దాని బదులు ఇంట్లో పని పంచుకోండి: ఏం వండాలి, ఎన్ని గంటలకు పెట్టాలి అన్నది మీ చేతిలో ఉంచుకుని, ఎంత తినాలన్నది వాడికి వదిలేయండి. మూడు పూటల భోజనం, మధ్యలో రెండుసార్లు చిరుతిండి చాలు. భోజనానికి గంట ముందు పాలు, బిస్కెట్లు ఇస్తే నాలుగు ముద్దలకే లేచిపోవడంలో వింత లేదు. రోజుకు అరలీటరు దాటి పాలు ఇవ్వకండి. ముద్ద చిన్నదైనా అందులో పప్పు, నెయ్యి, గుడ్డు ఉంటే బలం ఉంటుంది. వేరుశనగ మంచిదే కాని, ఐదేళ్ల లోపు పిల్లలకు గింజలుగా పెట్టకూడదు, గొంతుకు అడ్డం పడతాయి. పొడి చేసి అన్నంలో కలపండి. ఫోన్ చూపిస్తూ తినిపించడం వల్ల బిడ్డకు తన కడుపు నిండిన సంగతి తెలియకుండా పోతుంది. ఆ అలవాటు ఉంటే ఈ వారమే మానిపించండి, మూడు నాలుగు రోజులు అలిగినా సరే.

ఆరు నెలల పాటు బరువు అసలు పెరగకపోయినా, ఎత్తు ఏడాదికి 5 సెంటీమీటర్ల కంటే తక్కువ పెరిగినా, గీత ఒక మెట్టు నుంచి కిందికి దిగుతూ పోయినా మాత్రం ఆలస్యం చేయకుండా పిల్లల వైద్యుడికి చూపించండి. అంగన్‌వాడీలో ప్రతి నెలా బరువు తూస్తారు, ఆ అంకెలను ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి.

ప్రశ్న: నేను ముప్పై ఏళ్లు ప్రాథమిక పాఠశాలలో పనిచేసి రిటైరయ్యాను. నా మనవరాలికి మూడేళ్ల ఎనిమిది నెలలు. ఎల్‌కేజీలో చేర్చారు. రోజూ ఒక పేజీ ఇంగ్లీషు అక్షరాలు, ఒక పేజీ అచ్చులు రాసుకురమ్మంటున్నారు. పాప పెన్సిల్‌ను పిడికిట బిగించి పట్టుకుంటుంది, రెండు వరుసలు రాయగానే చేయి నొప్పి అని ఏడుస్తుంది. మా కోడలు, తోటి పిల్లల కంటే వెనకబడుతుందేమో అన్న భయంతో చేయి పట్టుకుని రాయిస్తోంది. నాకు తోచింది చెబితే పాతకాలపు మాట అంటున్నారు. మీరు ఏమంటారు?
— ఒక తాతగారు, విజయనగరం

జవాబు: మాస్టారూ, పాప చెబుతున్నది అక్షరాలా నిజం. ఆ చేయి నొప్పి పుడుతుంది. పెద్దవాళ్ల మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు ఉంటాయి. పుట్టినప్పుడు అవన్నీ మృదులాస్థి రూపంలోనే ఉంటాయి. మొదటి ఏడాది రెండు ఎముకలుగా మారడం మొదలవుతుంది, తరువాత సుమారుగా ఏడాదికొకటి చొప్పున గట్టిపడుతూ వస్తాయి. మూడున్నరేళ్ల బిడ్డ చేతికి ఎక్స్‌రే తీస్తే మణికట్టు దగ్గర సాధారణంగా మూడే కనిపిస్తాయి, మిగతా చోటంతా ఖాళీగా ఉంటుంది. ఆ మణికట్టును ఒక చోట నిలిపి, వేళ్లను మాత్రమే కదిలిస్తూ పేజీ నింపమనడం ఆ వయసుకు మోయలేని బరువు. పెన్సిల్‌ను బొటనవేలు, చూపుడువేలు, నడిమి వేలి మధ్య సరిగా పట్టుకోవడం చాలామందికి నాలుగున్నర నుంచి ఆరేళ్ల మధ్య కుదురుతుంది. అప్పటిదాకా పిడికిలితో పట్టుకోవడం తప్పేమీ కాదు.

చేతితో పాటు కన్ను కూడా సిద్ధం కావాలి. చూసి గీయడంలో పిల్లలందరూ దాదాపు ఒకే వరుసలో నడుస్తారు. మూడేళ్లకు సున్నా చుడతారు, నాలుగేళ్ల లోపు కూడిక గుర్తు గీస్తారు, నాలుగున్నర ప్రాంతంలో చతురస్రం వస్తుంది, ఐదేళ్లకు గాని త్రిభుజం రాదు. ఏటవాలు గీత అన్నిటికంటే చివర వస్తుందన్నమాట. ఇంగ్లీషులో మొట్టమొదటి అక్షరమే రెండు ఏటవాలు గీతలు. మన అక్షరాలు గుండ్రంగా ఉంటాయి కనుక తేలిక అనుకుంటాం గాని, సున్నా చుట్టగలిగిన బిడ్డకు కూడా 'అ'లో లోపలికి తిరిగి మళ్లీ బయటికి వచ్చే మెలిక అందదు. కోడలమ్మ చేయి పట్టుకుని రాయించినప్పుడు కాగితం మీద పడుతున్నది ఆమె రాతే, పాప చేతికి అందులో అందుతున్నది నొప్పి ఒక్కటే.

మీ మాట పాతకాలపుదైతే, 2020లో వచ్చిన జాతీయ విద్యా విధానం కూడా ఆ మాటే చెబుతోంది. మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు ఉన్న ఐదేళ్లనూ పునాది దశగా లెక్కించి, అందులో మొదటి మూడేళ్లను ఆటలకు, మాటలకు, కథలకు, చేతిపనులకు కేటాయించింది. ఒకటో తరగతి ఆరేళ్లు నిండాకే. 1975 అక్టోబర్ 2న మొదలైన అంగన్‌వాడీ పథకంలోనూ పూర్వ ప్రాథమిక విద్య అన్నది ఆటపాటల ద్వారా నేర్పేదిగానే ఉంది. ఇంకా వెనక్కి వెళితే, మన ఇళ్లలో అక్షరాభ్యాసం ఐదో ఏట చేసేవారు. అది కూడా పళ్లెంలో బియ్యం పోసి, వేలితో, పెద్ద అక్షరం దిద్దించేవారు. అందులో చేయి భుజం దగ్గర నుంచి కదులుతుంది, వేలికి బియ్యపు గింజల స్పర్శ తెలుస్తుంది, బిగించి పట్టుకోవలసినది ఏదీ ఉండదు. ఆ పద్ధతిలోని వివేకాన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు గౌరవం కలుగుతుంది.

ఇప్పుడు చేయించవలసినవి ఇంట్లోనే ఉన్నాయి. చిక్కుడుకాయలు, బఠాణీలు ఒలవనివ్వండి. చపాతీ పిండి ముద్దలు చేయనివ్వండి. వాకిట్లో ముగ్గు వేసేటప్పుడు పాపకు కూడా గుప్పెడు పిండి ఇవ్వండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండిని సన్నగా వదలడం కంటే మంచి వేళ్ల సాధన నాకు తెలియదు. గుజ్జనగూళ్లు ఆడుకునేటప్పుడు ఆకు అన్నం అవుతుంది, ఇసుక పప్పు అవుతుంది. ఒక వస్తువు మరొక వస్తువుకు గుర్తుగా నిలుస్తుందన్న ఈ ఎరుకే రేపు ఒక గీత ఒక ధ్వనికి గుర్తని గ్రహించడానికి ఆధారం. లత, లడ్డు, లక్క ఒకే ధ్వనితో మొదలవుతాయని ఆటగా వినిపించండి. చెవి ముందు పట్టుకున్న అక్షరాన్ని చేయి తరువాత తేలికగా పట్టుకుంటుంది.

బడివారితో మీరే మాట్లాడండి, ముప్పై ఏళ్లు చెప్పిన మీ మాటకు విలువ ఉంటుంది. తోటి పిల్లల తల్లిదండ్రులు ఇద్దరు ముగ్గురిని కలుపుకుని వెళితే ఇంకా మంచిది. ఐదేళ్లు నిండాక కూడా సున్నా, కూడిక గుర్తు గీయలేకపోతే, పెద్ద బొత్తాలు పెట్టుకోలేకపోతే అప్పుడు పరీక్ష చేయించాలి.

ప్రశ్న: మా బాబుకు మూడున్నరేళ్లు. చక్కగా మాట్లాడేవాడు, రెండు నెలల నుంచి "నా నా నాకు" అంటూ మొదటి అక్షరం దగ్గర ఆగిపోతున్నాడు. మా మరిదికి చిన్నప్పటి నుంచి నత్తి ఉంది. వస కొమ్ము అరగదీసి నాకిస్తే పోతుందని మా అమ్మ అంటోంది.
— ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: రెండేళ్ల నుంచి ఐదేళ్ల మధ్య ఆలోచన ముందు పరుగెడుతుంది, నోరు వెనకబడుతుంది. ఈ తడబాటు మొదలైన పిల్లల్లో దాదాపు నాలుగింట మూడు వంతుల మందికి అది దానంతటదే పోతుంది. అయితే కుటుంబంలో పెద్దయ్యాక కూడా నత్తి నిలిచిపోయినవారు ఉంటే, అందులోనూ మగపిల్లవాడైతే, అది మిగిలిపోయే అవకాశం కొంచెం ఎక్కువ. అందుకే మీ విషయంలో వేచి చూడమని చెప్పను, ఈ నెలలోనే స్పీచ్ థెరపిస్టుకు చూపించండి, వినికిడి కూడా పరీక్ష చేయించండి. ఇంట్లో "మెల్లగా చెప్పు, మళ్లీ చెప్పు" అని ఆపకండి, మాటను మీరు పూర్తి చేయకండి. మీరే నెమ్మదిగా మాట్లాడుతూ, వాడి ముఖం చూస్తూ, చివరిదాకా వినండి. వాడి ఎదుట మీ మరిది ప్రస్తావన తేవద్దు. వస వల్ల మాట సాఫీ కాదు, వాంతులు పట్టుకుంటాయి. అమ్మగారి ప్రేమను కాదనకుండా ఆ కొమ్మును మాత్రం పక్కన పెట్టండి.

ప్రశ్న: నాలుగున్నరేళ్ల మా పాప అబద్ధాలు నేర్చింది. తరగతిలోకి పులి వచ్చిందని చెబుతుంది. కప్పు తానే పగలగొట్టి, బొమ్మ పగలగొట్టిందంటుంది. మొన్న వాళ్ల నాన్న కొట్టారు. దానికి తోడు రాత్రి పడుకున్న గంటకే కేకలు పెట్టి లేచి కూర్చుంటుంది, కళ్లు తెరిచే ఉంటాయి కాని మమ్మల్ని గుర్తుపట్టదు, తెల్లవారి అడిగితే ఏమీ గుర్తుండదు. గాలి సోకిందని తాయెత్తు కట్టించమంటున్నారు.
— ఒక తల్లి, కర్నూలు

జవాబు: పులి, కప్పు రెండూ వేర్వేరు సంగతులు. పులి విషయంలో పాప మిమ్మల్ని మోసగించడం లేదు. ఊహకూ జరిగినదానికీ మధ్య గోడ ఈ వయసులో ఇంకా కడుతూనే ఉంటారు. "పులి ఏం చేసింది, నువ్వేం చేశావు" అని అడిగి వినండి. అంత పొడుగు కథ వరుస తప్పకుండా చెప్పగలుగుతుందంటే భాష బాగా ఎదుగుతోందని సంతోషించవలసిందే.

కప్పు సంగతి ఇంకా ఆసక్తికరమైనది. పిల్లల మనసును అధ్యయనం చేసేవారు ఒక చిన్న పరీక్ష చేస్తారు. బిస్కెట్ల డబ్బా మూత తీసి చూపిస్తే లోపల పెన్సిళ్లు ఉంటాయి. మూత పెట్టేసి, "ఇప్పుడు బయట ఉన్న నీ స్నేహితురాలు వస్తే, ఇందులో ఏముందని అనుకుంటుంది?" అని అడుగుతారు. మూడేళ్ల బిడ్డ "పెన్సిళ్లు" అంటుంది, తనకు తెలిసినది అందరికీ తెలుసనుకుంటుంది కనుక. నాలుగు దాటిన బిడ్డ "బిస్కెట్లు" అంటుంది. ఎదుటివారి మనసులో తన మనసులో ఉన్నదే ఉండనక్కరలేదని గ్రహించిన బిడ్డే నిజం దాచడానికి ప్రయత్నించగలుగుతుంది. ఈ ఎరుక నుంచే తరువాత జాలి, పంచుకోవడం, ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం వస్తాయి. కొడితే అబద్ధం తగ్గదు, దాన్ని ఇంకా జాగ్రత్తగా చెప్పడం నేర్చుకుంటుంది. "ఎవరు పగలగొట్టారు?" అని నిలదీయకుండా, "కప్పు పగిలింది, పద, ముక్కలు నేను ఏరతాను, నువ్వు చేట తీసుకురా" అనండి. నిజం చెప్పిన రోజున కోప్పడకండి. వాళ్ల నాన్నగారికి ఈ జవాబు చదివి వినిపించండి, ఆయన మంచి తండ్రి కావాలనే కోరుకుంటున్నారని నా నమ్మకం.

రాత్రి కేకలు గాఢనిద్ర నుంచి సగం మాత్రమే మేలుకోవడం వల్ల వస్తాయి. రాత్రి మొదటి భాగంలోనే రావడం, మనుషులను గుర్తుపట్టకపోవడం, ఉదయం ఏదీ జ్ఞాపకం లేకపోవడం దానికే చెందిన లక్షణాలు. పీడకల అయితే తెల్లవారుజామున వస్తుంది, బిడ్డ పూర్తిగా మేలుకుని మిమ్మల్ని హత్తుకుంటుంది, కలను చెబుతుంది. మీ పాపను ఆ సమయంలో లేపడానికి కుదపకండి. మంచం మీద నుంచి పడకుండా పక్కన ఉండండి, కొద్ది నిమిషాల్లో తిరిగి పడుకుంటుంది. ఈ వయసుకు పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. నిద్ర తక్కువైన రోజుల్లోనే ఈ కేకలు ఎక్కువ. తాయెత్తు కట్టడం వల్ల మీ మనసుకు ధైర్యం వస్తే నేను అడ్డు చెప్పను, కాని "నీకు గాలి సోకింది" అన్న మాట పాప చెవిన పడనివ్వకండి. బూచాడు వస్తాడనీ, డాక్టరు సూది వేస్తాడనీ బెదిరించడం కూడా మానండి. కేకలు పెట్టేటప్పుడు కాళ్లు చేతులు ఒకే లయలో కొట్టుకుంటే, లేదా ఒకే రాత్రి పలుమార్లు వస్తే, ఫోన్‌లో వీడియో తీసి వైద్యుడికి చూపించండి.

ప్రశ్న: మా పాపకు నాలుగేళ్లు. బలపాలు తినేస్తోంది. గోడ సున్నం కూడా గీరి తింటుంది. తిట్టినా మానడం లేదు. అంగన్‌వాడీ టీచరమ్మ మీకు రాయమన్నారు. పాప రోజుకు నాలుగైదు గ్లాసుల పాలు తాగుతుంది, మాతో పాటు టీ కూడా తాగుతుంది, అన్నం మీద మాత్రం ఇష్టం లేదు.
— ఒక తల్లి, మహబూబ్‌నగర్

జవాబు: టీచరమ్మకు నా నమస్కారాలు చెప్పండి. ఆవిడ సరిగా పసిగట్టారు. ఏడాదిన్నర బిడ్డ దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటే అది ప్రపంచాన్ని తెలుసుకునే తీరు. రెండేళ్లు దాటాక కూడా మట్టి, బలపం, సున్నం వెతుక్కుని తింటుంటే అన్నిటికంటే ముందు అనుమానించవలసింది ఇనుము లోపం. దాన్ని చెడు అలవాటుగా చూసి తిట్టడం వల్ల బిడ్డ చాటుగా తింటుంది, అంతే. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం అని తేలింది. మూడింట రెండు వంతుల మంది పిల్లలకు ఉన్న లోపాన్ని మనం ముఖం పాలిపోయిందనో, మందకొడిగా ఉన్నాడనో, చదువు ఎక్కడం లేదనో అనుకుంటూ గడిపేస్తున్నాం. ఇది నన్ను ఎంతో బాధపెట్టే విషయం. పిల్లల మెదడు ఐదారేళ్లకే పెద్దవారి మెదడు పరిమాణంలో దాదాపు తొమ్మిది పదోవంతులకు చేరుకుంటుంది. ఆ ఏళ్లలో ఇనుము చాలకపోతే ధ్యాస నిలవదు, ఆట మీద కూడా ఉత్సాహం ఉండదు.

మీరు రాసిన వివరాల్లోనే కారణం చాలావరకు ఉంది. పాలల్లో ఇనుము దాదాపు లేదు. నాలుగైదు గ్లాసులతో కడుపు నిండితే ఇనుము ఉన్న తిండికి చోటుండదు. టీ ఆ తిన్న కొంచెం ఇనుమును కూడా ఒంటికి పట్టనివ్వదు. పాలు రెండు గ్లాసులకు తగ్గించండి, టీ పూర్తిగా ఆపండి. తోటకూర పప్పు, రాగి సంకటి, గుడ్డు, మీరు తినేవారైతే కోడి కాలేయం, మాంసం పెట్టండి. పప్పులో నిమ్మరసం పిండితే ఇనుము బాగా ఒంటబడుతుంది.

దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. ఈ వయసులో 11 గ్రాముల కంటే తక్కువ ఉంటే రక్తహీనతే. అప్పుడు బరువును బట్టి వైద్యుడు రోజూ ఇచ్చే మోతాదు రాస్తారు. ఐదేళ్ల లోపు పిల్లలందరికీ ఆశా కార్యకర్త ద్వారా వారానికి రెండుసార్లు ఇచ్చే ఒక మిల్లీలీటరు సిరప్ లోపం రాకుండా కాపాడటానికి. లోపం వచ్చాక అది ఒక్కటే చాలదు. మందు మొదలుపెట్టాక విరేచనం నల్లగా వస్తుంది, భయపడి ఆపకండి. బలపం తినడం చాలామంది పిల్లల్లో కొద్ది వారాల్లోనే తగ్గుతుంది, అది చూసి కూడా ఆపకండి. ఒంట్లో నిల్వ చేరడానికి కనీసం మూడు నెలలు పడుతుంది. మట్టి తినే పిల్లలకు నులిపురుగులు ఉంటాయి కనుక ఫిబ్రవరిలోనూ ఆగస్టులోనూ అంగన్‌వాడీలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర తప్పనివ్వకండి. గోడకు సున్నం కాక పాత రంగు ఉండి, ఆ పెచ్చులు కూడా పాప తింటుంటే ఆ సంగతి వైద్యుడికి విడిగా చెప్పండి, ఎందుకంటే పాత రంగుల్లో సీసం ఉంటుంది, దానికి రక్తపరీక్ష వేరే ఉంది. నెల రోజుల తరువాత హిమోగ్లోబిన్ మళ్లీ చూపించి, ఆ రెండు అంకెలూ నాకు రాయండి.